ముందు ఏది మారింది, సార్?

సార్ పోయారు. పొద్దున కామారెడ్డి ఆసుపత్రి నుంచి మేడం, అంటే సార్ భార్య, ఫోన్ చేసి "సార్ ఇగ లేడు బిడ్డా" అన్నది. అప్పుడు హైదరాబాద్‌లో మా ల్యాబ్ మెట్లెక్కుతున్నాను. ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇక నేనెవరిని అడగాలి?

కామారెడ్డి డిగ్రీ కాలేజీలో ఆయన మాకు ఫిజిక్స్ చెప్పేవారు. రోజూ వాళ్ళ ఊరు ఎల్లారెడ్డి నుంచి బస్సులో, అది తప్పిపోతే షేర్ ఆటోలో వచ్చేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క. జేబు పాడవుతోందని మేడం ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు.

మాంగనీసు, ఆక్సిజన్ ఉన్న అయస్కాంత స్ఫటికాలంటే ఆయనకు పిచ్చి. వాటిలో ఎలక్ట్రాన్ మబ్బులా పరుచుకుని, ఒక దిక్కుకు సాగి ఉంటుంది. స్ఫటికం చల్లబడితే ఆ మబ్బులన్నీ వరుసగా సర్దుకుంటాయి, ఒకటి ఇటు, పక్కది అటు. అప్పుడే స్ఫటికం ఆకారమూ మారుతుంది. మా బుర్రకు ఎక్కలేదు.

"షేర్ ఆటోల ఎట్ల కూసుంటరు? ఒకరు ముందుకు జరిగి, ఒకరు వెనుకకు ఒరిగి. అందరు ఒరిగితే సీటు సరిపోతదా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "మరి ముందుగాల మనుషులు సర్దుకున్నరా, సీటు సాగిందా? గది చెప్పుండ్రి."

ఎలక్ట్రాన్లు సర్దుకున్నందుకు స్ఫటికం మారిందా, స్ఫటికం మారినందుకు అవి సర్దుకున్నాయా? ఆ ప్రశ్నే నన్ను రీసెర్చ్‌లోకి లాగింది. ఆయనకు ల్యాబ్ లేదు, నేనే ఆయన ల్యాబ్. ఫోన్ చేస్తే క్షేమం కూడా అడగకుండా "తేలిందా?" అనేవారు. కిడ్నీలు చెడి డయాలసిస్‌కు తిరుగుతున్నప్పుడూ అదే మాట. "నేనున్నప్పుడే తేల్చు బిడ్డా. పోయినంక తేలితే నాకేం లాభం?" అని ఒకసారి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అంత మాట నవ్వుతూ అంటారా ఎవరైనా?

అప్పటి నుంచి ఒకటే పరుగు. పెంచిన స్ఫటికాల్లో కొన్ని కరెంటు కోతలకు పాడయ్యాయి. ఒక్కటి తప్ప మిగిలినవి వేడి చేసి చల్లారుస్తుంటే, సరిగ్గా ఆకారం మారే వేడి దగ్గరే పగిలాయి. పోయిన వారం చివరిదాన్ని కొలిచాను. రెండు మార్పులూ ఒకే వేడి దగ్గర కనిపించాయి. ఏది ముందో మా పరికరానికి అందలేదు. కొలత అయ్యేసరికి అదీ పగిలింది.

వెంటనే ఫోన్ చేస్తే మేడం ఎత్తింది. సార్‌ను కామారెడ్డి ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు, లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు.

"రెండూ ఒక్కసారే మారినయని చెప్పండి మేడం, గంతే చెప్పండి" అని బతిమాలాను. ఆ మాటతో ఆయన మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆమె ఫోన్ ఎవరికో ఇచ్చి లోపలికి వెళ్ళొచ్చింది.

"చెప్పిన బిడ్డా. కండ్లు తెరిచిండు."

"ఏమన్నా అన్నరా?"

"ఒక్కసారే గాదు, మల్ల చూడుమను, అన్నడు."

నాకు అందిన ఆయన ఆఖరి మాట అదే. మళ్ళీ చూడటానికి స్ఫటికం లేదు. చూసినా చెప్పుకోవడానికి ఆయన లేరు. ఇది తేలి ఎవరికి కావాలి ఇప్పుడు?

ఎల్లారెడ్డిలో దహనం అయ్యాక తిరిగొచ్చి, ఏం చేయాలో తోచక పగిలిన ముక్కల్ని గాజు పళ్ళెంలో పోసి భూతద్దం కింద పెట్టాను. నల్లగా, ఆవగింజలంత ఉన్నాయి. విరిగిన చోట తళతళలాడుతున్నాయి. కళ్ళు తుడుచుకుంటూ, పట్టకారుతో ఒక్కొక్కటీ తిప్పుతున్నాను, ఇంకోసారి కొలవడానికి సరిపోయే ముక్క ఒక్కటైనా ఉంటుందేమోనని.