అక్క ఫోటోకి సున్నం

అయితే తప్పంతా నాదేనా? సున్నిపిండి రుద్దీ రుద్దీ అక్క తోలు తీసిన పెద్దమ్మది కాదు, సంబంధం అనగానే పిల్ల రంగెట్లా అని అడిగే ఊరిది కాదు, సెలవులకని హైదరాబాదు నుంచి ఆదోని వచ్చిన నాది. సరే, వినండి. కుదరబోయే పెళ్ళిని ఒక్కరోజులో రెండుసార్లు చెడగొట్టిన ఘనత మా వంశంలో నాకు తప్ప ఎవరికీ లేదు.

మా పెద్దమ్మ కూతురు అరుణక్క బడిలో టీచరు. నల్లగా, చక్కగా ఉంటుంది. ఆ బడిలో కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చిన ఎమ్మిగనూరు అబ్బాయి, ఇంటికెళ్ళి, చేసుకుంటే ఆ టీచర్నే చేసుకుంటానన్నాడట. వాళ్ళమ్మ ఫోటో అడిగింది. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ రంగు దగ్గరే ఆగిపోయాయేమో, అక్క తనలో తనే నవ్వుకుంటూ తిరగడం మాకు కొత్త.

ఫోటో తీశాను. నీ ఫోనులో తెల్లగా చేసేది ఏదో ఉందంట కదా, కొంచెం చెయ్యి అంది పెద్దమ్మ. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మా ఇంట్లో కాకే పిల్లకు సున్నం కొట్టమంది. నేనూరుకుంటానా? రంగు పిచ్చి మీద పెద్ద ఉపన్యాసం దంచాను. దంచుతూనే ఫిల్టరు మీద వేలు జరిపాను. (మీరు గమనించారు. నేనప్పుడు గమనించలేదు.)

"వద్దు పాపా, ఉన్నట్టే పంపు. ఆయన నన్ను సూసే అడిగినాడు," అంది అక్క.

"నీకు తెలీదులే అక్కా."

అన్నీ తెలిసిన దాన్ని నేనే కదా. మార్కెట్ యార్డులో అప్పుడే దింపిన పత్తిలా తయారైంది అక్క. ముక్కుపుడక కూడా ఆ వెలుగులో కొట్టుకుపోయింది. పంపేశాను.

సాయంత్రం అబ్బాయి వాళ్ళమ్మ ఫోను. పెద్దమ్మ స్పీకరు పెట్టింది.

"ఏం వదినా, మావాడు సూసిన పిల్ల ఈ పిల్ల కాదంటాండాడు. ఒకరిని సూపించి ఇంకొకరిని అంటగడతారా?"

పెద్దమ్మ చేతిలోంచి నేను ఫోను లాక్కుని, అది ఫిల్టరు మహిమ, పిల్ల ఒకతేనని చెప్పి, అసలు ఫోటో పంపాను. అవతల రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు మరి. పాలగిన్నె పక్కన పెడితే బెల్లం కూడా బొగ్గే.

"వాడు ఈ పిల్లే అంటాండాడు," అందామె నిదానంగా. "నాకైతే ముందు పంపిన పిల్లే నచ్చింది."

"ఆ పిల్ల ఎక్కడా లేదు ఆంటీ. మనిషిని రంగుతో కొలవడానికి సిగ్గనిపించదా?"

"తెల్లగ సేసి పంపింది నువ్వే కదమ్మా?"

ఆమె ఫోను పెట్టేసింది. కొడుకు తల్లి మాట దాటలేదు. అక్క నా ఫోను తీసుకుని ఆ తెల్ల ఫోటోనే చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల బాగుంది కదా," అంది.

కాబట్టి తుంగభద్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక జన్మలో ఎవరి మొహానికీ సున్నం కొట్టను. నా డీపీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తకండి. మీ డీపీలో ఉన్నది మీరేనని గుండె మీద చెయ్యేసి చెప్పగలిగినవాళ్ళు వచ్చి తప్పంతా నాదేననండి, పడతాను. ఏదీ, ఎవరున్నారు?