సోహార్ నుంచి వెళ్లి తిరిగొచ్చిన ఓటు

2016 డిసెంబరు మొదటి వారంలో ఒమన్‌లోని సోహార్ పోస్టాఫీసులో ఉన్న ఒక కంపెనీ పెట్టెలోకి అమెరికా నుంచి ఒక పెద్ద కవరు వచ్చింది. దాని లోపల ఇంకో కవరు ఉంది. అది అక్టోబరులో సోహార్ నుంచే వెళ్లిన కవరు. అందులో అమెరికా అధ్యక్ష ఎన్నికకు వేసిన ఓటు ఉంది. కవరును ఎవరూ చించలేదు. పైన అంటించిన పసుపు చీటీ మీద అక్కడి పట్టణ క్లర్కు రెండు వాక్యాలు రాశారు. సాక్షి చిరునామా అసంపూర్ణంగా ఉంది. సరిచేసి, పోలింగు ముగిసేలోగా మాకు చేరేలా పంపగలరు. పోలింగు ముగిసి అప్పటికే నాలుగు వారాలు. ఆ సాక్షిని నేనే.

ఆ రోజుల్లో నేను మస్కట్‌లోని ఒక ఇంగ్లీషు దినపత్రికలో చీఫ్ సబ్ ఎడిటర్‌గా ఉన్నాను. అంతకు ముందు ఇరవై రెండేళ్లు విజయవాడలో తెలుగు పత్రికల డెస్కుల మీద పనిచేశాను. సబ్ ఎడిటర్ వార్త తేడు. తెచ్చినదాన్ని సరిచూస్తాడు, కత్తిరిస్తాడు, శీర్షిక పెడతాడు. పేర్లు, అంకెలు, ఊళ్లు, హోదాలు తప్పు పడకుండా చూడడం అతని ప్రధాన విధి. ఆ పనిలో నాకు కొంత పేరుండేది. నాకు ఆ పేరు మీద కొంత గర్వమూ ఉండేది. ఈ సంగతిలో రెండూ అవసరమే కనుక చెబుతున్నాను.

సెప్టెంబరులో న్యూస్ ఎడిటర్ నాకొక ప్రత్యేక పేజీ అప్పగించారు. ఏజెన్సీల నుంచి అమెరికా అభ్యర్థుల తిట్లు రోజూ బస్తాలకొద్దీ వస్తున్నాయి గానీ అసలు ఓటు ఎలా పడుతుందో ఎవరూ చెప్పడం లేదని ఆయన ఫిర్యాదు. దేశం మొత్తం వద్దు, ఒక్క రాష్ట్రం తీసుకుని అది అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకుంటుందో మొదటినుంచీ చివరిదాకా రాయమన్నారు. నేను పెద్ద సరస్సుల పక్కనున్న ఒక రాష్ట్రాన్ని ఎంచుకున్నాను. ఈ కథలోని మనిషి పేరు ఇంకా అక్కడి ఓటర్ల జాబితాలో ఉంది కాబట్టి ఆ రాష్ట్రం పేరు రాయడం లేదు.

మనకు ఒకే ఎన్నికల కమిషన్, ఒకే నియమావళి అలవాటు. అక్కడ అలా కాదు. అధ్యక్ష ఎన్నిక అంటే ఒకే రోజున రాష్ట్రానికొకటి చొప్పున జరిగే విడివిడి ఎన్నికలు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది. ఒకటి రెండు చోట్ల తప్ప, రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికే అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఆ రాష్ట్రపు ప్రతినిధులందరూ దక్కుతారు. దూరం నుంచి పంపే ఓటుకు ఒక రాష్ట్రం నోటరీ అడుగుతుంది, ఇంకొకటి సాక్షిని అడుగుతుంది, మరొకటి ఓటరు సంతకంతో సరిపెట్టుకుంటుంది. నేను ఎంచుకున్న రాష్ట్రంలో ఈ పనంతా ఊరి క్లర్కు చేతిలో ఉంది. కుక్కల లైసెన్సులూ ఆయనే ఇస్తాడు.

ఈ ముక్క మా ఫోటోగ్రాఫర్ ఖాదర్‌కు బాగా నచ్చింది. ప్రొద్దుటూరు మనిషి. పదేళ్లుగా మస్కట్‌లో ఉన్నా మాట మాత్రం ఊరు దాటి రాలేదు. "కుక్కలకు లైసెన్సు ఇచ్చే ఆయప్పేనా సార్ ప్రెసిడెంటు ఓట్లు గూడా చూసేది? మన ఎమ్మార్వో ఆఫీసే నయం గదా" అన్నాడు.

విదేశాల్లో ఉండే ఓటరు పాటించాల్సిన నియమాలను ఆరు వరుసల పట్టికగా రాశాను. ఓటరు బ్యాలెట్‌ను ఒంటరిగా నింపాలి. సాక్షి ఎదుట కవరు అంటించి సంతకం చెయ్యాలి. మూడోది, సాక్షి వయోజనుడైతే చాలు, అమెరికా పౌరుడే కానక్కరలేదు. నాలుగోది, సాక్షి తన సంతకం కింద నివాస చిరునామా రాయాలి, లేకపోతే ఓటు లెక్కించరు. పట్టికలోని ప్రతి వరుసనూ ఆ రాష్ట్రం ప్రచురించిన సూచనలతో రెండుసార్లు సరిచూసుకున్నాను.

పేజీకి ఒక మనిషి కావాలి. సోహార్‌లోని తెలుగు ప్రార్థన కూటమి వాళ్లు రూతమ్మగారి పేరు చెప్పారు. బాపట్ల దగ్గరి ఊరు. సోహార్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్. నేను ఎంచుకున్న అమెరికా రాష్ట్రంలోనే పన్నెండేళ్లు ఉద్యోగం చేసి, అమెరికా పౌరసత్వం తీసుకుని, భర్తకు పోర్టు దగ్గరి ప్లాంటులో పని దొరికితే ఆయనతో ఒమన్ వచ్చారు. ఫోన్ చేస్తే బ్యాలెట్ తన దగ్గరే ఉందని చెప్పారు.

అక్టోబరులో ఒక బుధవారం ఖాదర్, నేనూ మా ఇల్లుండే మస్కట్ శివారు అల్ హైల్‌లో బయలుదేరి పదకొండింటికి సోహార్ చేరాం. రూతమ్మగారు ఫోటో కోసమని పట్టుచీర కట్టుకుని ఎదురుచూస్తున్నారు. భర్త డ్యూటీలో ఉన్నారు.

"వందనాలు బ్రదర్. ఎండన పడొచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి. ఓటు ఎక్కడికీ పోదులెండి" అన్నారు.

ఆమెకు యాభై రెండేళ్లు. జీవితంలో ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. పద్దెనిమిదేళ్లు నిండేసరికి నర్సింగ్ హాస్టల్లో ఉన్నారు. పేరు ఊళ్లో ఉండేది, మనిషి గుంటూరులో. తర్వాత సౌదీ, ఆ తర్వాత అమెరికా. అక్కడ పౌరసత్వం వచ్చేదాకా ఓటు లేదు, వచ్చాక ఊళ్లో ఓటు పోయింది, అక్కడ ఎన్నిక రాకముందే ఒమన్ వచ్చేశారు. 2014లో ఊళ్లో చెల్లెళ్లు, మరుదులు అందరూ సిరా వేళ్లతో ఫోటోలు పంపితే ఆమె ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చూశారట. "నా వేలికి సిరా అంటలేదు బ్రదర్. ఈ ఓటుకి సిరా లేదు గానీ, ఓటేగా" అన్నారు.

ఖాదర్ నిరాశపడ్డాడు. "సిరా గూడా లేదా అక్కా? మరి ఓటేసినట్టు ఫోటోలో ఏం చూపిచ్చాల?"

"గోరింటాకు పెట్టుకుని కూర్చోమంటావేంటి తమ్ముడూ" అని ఆమె నవ్వారు.

కవరు అంటిస్తుండగా తీద్దామని నిర్ణయించుకున్నాం. అప్పుడామె అసలు సంగతి చెప్పారు. కవరు అంటించేది ఆదివారం. సాక్షి సంతకం వాళ్ల ఆసుపత్రిలో మత్తు ఇచ్చే డాక్టరు చేస్తారు. ఆయన అమెరికా మనిషి, ఇలాంటి కవర్లు ఎన్నో చూసినవాడు. ప్రస్తుతం ఒమన్ దక్షిణ కొసన సలాలాలో ఉన్నారు, ఆదివారం వస్తారు. పేజీ శుక్రవారానిది. నేను బాల్కనీలోకి వెళ్లి న్యూస్ ఎడిటర్‌కు ఫోన్ చేశాను. ఫోటో లేకపోతే పేజీ లేదని ఆయన అన్నారు. సాక్షి ఎవరైనా కావచ్చునని నువ్వే రాశావు కదా, నువ్వే చెయ్యి అని కూడా అన్నారు.

ఇంట్లోకి వచ్చి ఆ మాట చెప్పాను. ఆమె కవరు వెనక్కి తిప్పి చూశారు. "మీరు పెట్టినా చెల్లుద్దా బ్రదర్?"

చెల్లుతుందన్నాను. అది నిజమే. మూడో నియమం. కొత్తగా డెస్కుకు వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి వారంలోనే నేను చెప్పే పాఠం ఒకటుంది: వార్త రాసేవాడు వార్త లోపలికి అడుగు పెట్టకూడదు. ఆ మధ్యాహ్నం అది నాకు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చిందల్లా మళ్లీ ఆదివారం సోహార్ రావాలన్నదే.

ఆమె మాకు వీపు చేసి డైనింగు టేబులు చివర కూర్చుని, బ్యాలెట్ నింపి మడిచారు. ఖాదర్ కూడా గోడవైపు తిరిగి నిలబడ్డాడు, ఎవరూ చెప్పకుండానే. తర్వాత కవరు అంటిస్తుండగా అతను పదిహేను ఫోటోలు తీశాడు. ఆమె సంతకం చేశారు. కింద నేను చేశాను. దాని కింద చిరునామా గడి. పెద్ద అక్షరాలతో మా పత్రిక పోస్టు బాక్సు నంబరు, పోస్టల్ కోడు, రువి, ఒమన్ సుల్తానేట్ అని రాశాను. కలం ఎక్కడా ఆగలేదు.

ఎందుకు ఆగలేదో చెప్పాలి. ఒమన్‌లో పోస్టుమ్యాన్ ఇంటికి రాడు. ఉత్తరాలు పోస్టాఫీసులోని పెట్టెల్లో పడతాయి, పెట్టె కంపెనీ పేరు మీద ఉంటుంది. వీసా కాగితం, బ్యాంకు కాగితం, ఊరికి పంపే పార్సిల్, అన్నింటి మీదా అదే నంబరు. ఇల్లు ఎక్కడని అడిగితే రెండో రౌండబౌట్ దాటాక, టైర్ల షాపు వెనక, కిందన టైలరు అని చెబుతాం. తొమ్మిదేళ్లలో నేను రాసిన ప్రతి కాగితం మీదా ఆ పెట్టె నంబరే నా చిరునామా. నాకు తెలియకుండానే అది నా ఇల్లయింది.

కవరు మీద ఈమెయిల్ గడి కూడా ఉంది. ఇది నింపాలా అని ఆమె అడిగారు. ఐచ్ఛికం అని ఉంది, అక్కరలేదన్నాను.

పేజీ శుక్రవారం వచ్చింది. శీర్షిక నేనే పెట్టాను: సోహార్ నుంచి ఒక ఓటు. నాలుగు కాలమ్‌ల ఫోటో, పక్కన పట్టిక. గల్ఫ్‌లో ఆరాధన శుక్రవారమే కాబట్టి ఆ ఉదయమే పాస్టరు గారు పేపరు ఎత్తి చూపించి, మన సిస్టరు ఓటు అమెరికా వెళ్తోందని ప్రకటించారట. కూటమి అంతా చప్పట్లు కొట్టింది. కవరును ఆమె కొరియరులో పంపారు. వారం తిరక్కుండానే చేరినట్టు, క్లర్కు ఆఫీసులో ఎవరో సంతకం చేసి తీసుకున్నట్టు కంప్యూటరులో కనిపించింది.

ఎన్నిక మర్నాడు మస్కట్‌లో తెల్లవారాక ఆ రాష్ట్రం లెక్కలు వచ్చాయి. రెండు పక్షాల మధ్య తేడా ఒక శాతం కూడా లేదు. రూతమ్మగారు ఫోన్ చేశారు. "ఎవరు గెలిచారో నేను మాట్లాడను బ్రదర్. అంత దగ్గర లెక్కలో నాదీ ఒకటుందిగా, అది చాలు" అన్నారు. ఆ మాటకు నేను ఔనన్నాను.

ఆ సమయంలో ఆ కవరు మామూలు పోస్టులో తిరుగు ప్రయాణంలో ఉంది. పెట్టె నంబరు నివాస చిరునామా కాదని ఆ క్లర్కు దాన్ని అక్టోబరులోనే పక్కన పెట్టారు. దిద్దుకునే అవకాశం ఇచ్చి వెనక్కి పంపారు. ఆయన చేసింది చట్టం ప్రకారమే. ఈమెయిల్ ఉంటే ఒక్క రోజులో తెలిసేది, సరైన చిరునామా పంపడానికి మూడు వారాల సమయం ఉండేది.

డిసెంబరులో కవరు అందగానే ఆమె నన్ను పిలిపించలేదు. తానే మస్కట్ వచ్చారు. ఆఫీసు కింద కాఫీ షాపులో టేబులు మీద రెండు కాగితాలు పెట్టారు. ఒకటి పసుపు చీటీ అంటించిన కవరు. రెండోది మా పేజీ, నాలుగు మడతలు.

"మీరు రాసిన పట్టికలోదే బ్రదర్. నాలుగోది" అన్నారు.

నేను క్షమించమన్నాను. ఒక్క ఓటుతో ఏ ఫలితమూ మారేది కాదని నేను అనబోయి ఆగాను. ఆమె అడిగింది ఒకటే. "వెయ్యని ఓటుకి అందరిచేతా చప్పట్లు కొట్టించుకున్నాను. పాస్టరు గారికి నేను చెప్పుకుంటాను. పేపర్లో మాత్రం మీరు వేయించండి, పలానావారి ఓటు లెక్కలోకి రాలేదని. రెండు లైన్లు చాలు."

పత్రికలో తప్పు పడితే రెండో పేజీ అడుగున సవరణ వేస్తారు. డెస్కు రాస్తుంది, న్యూస్ ఎడిటర్ సంతకం చేస్తారు. నేను ఆ రోజే రాశాను. సాక్షి సంతకం ఈ పత్రిక ఉద్యోగిదనీ, చిరునామా తప్పు అతనిదేననీ రాశాను. న్యూస్ ఎడిటర్ చదివి, మనం అచ్చువేసిన వాక్యాల్లో ఏది తప్పో చూపించమన్నారు. ఆమె ఓటు వేసిందని రాశాం, వేసింది; కవరు పంపిందని రాశాం, పంపింది. ఆ తర్వాత జరిగింది సవరణ కాదు, కొత్త వార్త. ఆ వార్త ఇప్పుడెవరికీ అక్కరలేదు. పైగా మనవాడు పరాయి దేశపు ఎన్నిక కాగితం మీద సంతకం చేశాడని మనమే చాటుకోవడమా అని అడిగారు. ఆయన వాదనలో అక్షరాలా తప్పు లేదు. అలాంటి వాదనలు నేనూ ఎన్నో ఏళ్లు పాఠకుల మీద ప్రయోగించాను. జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి మళ్లీ పంపాను. రెండూ సంతకం లేకుండానే తిరిగొచ్చాయి.

ఖాదర్ మాత్రం ఒక్కసారి అడిగాడు. "అక్కది ఎయ్యలేదా సార్ ఇంకా?" లేదన్నాను. "పోనీలెండి, ఆ ఫోటో గూడా ఇంక నాది కాదనుకుంటా" అని కెమెరా సంచి సర్దుకున్నాడు.

ఆ మధ్య ఒక రోజు మా అల్ హైల్ బిల్డింగు మెట్ల పక్కన, ఏసీ పెట్టె వెనక, దుమ్ము పట్టిన నీలం పలక ఒకటి చూశాను. బిల్డింగు నంబరు, వీధి నంబరు అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ స్పష్టంగా ఉన్నాయి. ఆ మెట్ల మీదే నేను తొమ్మిదేళ్లు ఎక్కి దిగాను.

ఇందులో నేను నేర్చుకున్నది చిన్నదే. నియమాన్ని సరిగ్గా అచ్చువెయ్యడం ఒక పని, పాటించడం ఇంకో పని. మొదటిది బాగా చేసేవాడు రెండోది కూడా చేశానని అనుకుంటాడు. వార్త రాసేవాడు వార్తలో సంతకం పెడితే, తర్వాత దాన్ని దిద్దే అధికారం అతని చేతిలో ఉండదు.

2018లో రిటైరై వచ్చేశాను. ఆ తర్వాత రూతమ్మగారితో మాట్లాడలేదు. మా పేజీ పత్రిక వెబ్‌సైట్‌లో ఇప్పటికీ ఉంది. పట్టుచీర, కవరు, నవ్వు, పక్కన నా ఆరు వరుసల పట్టిక. ఆమె పేరు వెతికితే మొదట వచ్చేది అదే. కింద సవరణ లేదు.