చివరి రీలు లేని బొమ్మ

పాలమూరు దవాఖానలో పదకొండు రోజులుండి మా మేనమామ చనిపోయాడని హైదరాబాదు హాస్టలుకు కబురు వచ్చింది. దవడ విరగడంతో ఆ పదకొండు రోజులూ ఒక్క మాట మాట్లాడలేదట. అంతకుముందు ఆయన ఒక్క పూట మౌనంగా ఉండగా నేను చూడలేదు.

మీలో కొందరు ఆ గొంతు విని ఉంటారు. కోస్గి సంతనాడు జొన్నల గోదాం కిటికీలకు గొంగళ్లు కట్టి, ఇంజను పెట్టి, మధ్యాహ్నం పూట సినిమా బొమ్మ ఆడించేవారు. తెర పక్కన కర్ర పట్టుకు నిలబడి ఇంగ్లీషు కథను మన మాటల్లో చెప్పేవాడు మామ. ఉన్నది ఒకే బొమ్మ: ముసుగు కట్టుకున్న గుర్రపు వీరుడు, జనం భూములు గుంజుకునే గడ్డపు ఆసామి. చవక బొమ్మ. గుర్రాలు ఒకే గుట్ట పక్క నుంచి మూడుసార్లు పోతాయి. "మనకాడ గుట్టలు తక్కువున్నయా? అడిగితే ఇయ్యకపోదుమా," అనేవాడు.

ఆడవాళ్ల జాగా తెర వెనక. మాకు అంతా తిరగబడి కనిపించేది. మా వీరుడు ఎడమచేత్తో కాల్చేవాడు.

ముసుగు తీసే చివరి రీలు ఎప్పుడో కాలిపోయింది. అందుకని తెర తెల్లబడగానే మామ ముందుకొచ్చి, ఆ ముసుగులో ఎవరున్నదీ తానే చెప్పేవాడు. ఆటకో మనిషి, అక్కడ కూర్చున్నవాళ్లలోంచే. ఒకనాడు మగ్గం నేసేవాడు, ఒకనాడు ఉల్లిగడ్డలమ్మే అవ్వ. "ముసుగున్నోనికి మొకం మనమే ఇయ్యాలె," అనేవాడు. నాకు పదేళ్లప్పుడు తెర వెనక్కి కర్ర చాపి, "ఎవలనుకున్నరు? మా అక్క బిడ్డ," అన్నాడు. చదువుకుంటానని ఇంట్లో పట్టుబట్టిన ధైర్యం నాకు ఆ మధ్యాహ్నం ఇచ్చిందే.

పోయిన సెలవుల్లో ఒక ఆటకు దొర మనుషులు నలుగురు వచ్చి ముందు కూర్చున్నారు. మామకూ వాళ్లకూ నడిచిన మాటలు గుడ్డ ఇవతలికి వినిపించాయి.

"ముసుగు తీస్తే దొర అని చెప్పు."

"దొర బొజ్జకు గా గుర్రం ఆగుతదా పటేలా?"

"నవ్వులాట కాదు. యాదిపెట్టుకో."

రీలు అయిపోయింది. తెల్లటి తెర మీద మామ నీడ నిలబడింది. "ముసుగు తీసిండు," అని కర్రను జనంలోకి చాపాడు. "ఎవలంటే, మొన్న దొర గడీల కొరడ దెబ్బలు తిన్న పాలేరు. అగో, వీపు గోడకు ఆనియ్యలేక వంగి కూసున్నడు."

తెర మీద మరో నాలుగు నీడలు చేరాయి. మామ చేతి కర్ర ఇంకో చేతిలో లేచింది. మా పక్కనున్న అవ్వ నవ్వింది. "ఆఖరి రీలు దొరికినట్టున్నదే పిల్లా," అంది. మేమంతా అలాగే అనుకున్నాం. నీడ మోకాళ్ల మీద పడింది. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు స్పీకరు బాకా నుంచి కాదు, గుడ్డకు ఆ పక్క నుంచే వచ్చిందని నాకు తెలిసేసరికి, నెత్తురు గుడ్డ దాటి మా వైపుకు ఊరింది.

మామ పోయాక వచ్చిన సంతకు అదే బొమ్మ, అదే తెర. ఈసారి నేను తెర ముందు కూర్చున్నాను. వీరుడిది కుడిచేతివాటమని అప్పుడే చూశాను. ఎంత ఉతికినా పోని మరకను తొక్కుకుంటూ గుర్రాలు మూడుసార్లు పోయాయి. రీలు అయిపోయింది. చెప్పేవాడు లేడు. ఎవరూ లేవలేదు. పాలేరు వీపు వంచి అలాగే కూర్చున్నాడు. ఇంజను ఆగేదాకా అందరం ఆ తెల్లటి గుడ్డను, దాని అడుగున అరచేయంత మరకను చూస్తూ ఉండిపోయాం.