ముర్రుపాల మీద వేసిన నింద

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

నేను పశువుల డాక్టర్ని. నంద్యాలలో ఉంటూ, పందులకు టీకాలు వేయడానికి ఐసుపెట్టె పట్టుకుని బస్సులో ఆళ్లగడ్డ వెళ్లేవాణ్ని. అక్కడ ఊరి చివర ఓబులమ్మ పందులు పెంచేది. వాటి మీదే ఆమె బతుకు.

తల్లిపందులకు అంతకుముందే టీకా వేశాను. ఈసారి పిల్లలున్నాయి, ఇంకా పాలు తాగే పసివి. టీకా పడిన తల్లి తన ఒంట్లోని రక్షణను, ఈనగానే వచ్చే ముర్రుపాలతో పిల్లలకు ఇస్తుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం, అది మనం వేసే టీకాను కూడా రోగమే అనుకుని చంపేస్తుంది. తర్వాత అదీ తగ్గిపోతుంది, పిల్లకు ఏ అండా మిగలదు. అందుకే కాస్త పెరిగేదాకా ఆగి వేయాలి. ఇది నాకు తెలియదా? బాగా తెలుసు. మళ్లీ ఈ ఎండలో ఎవడొస్తాడులే అనిపించింది. అన్నిటికీ వేసేసి, "సూది పడిందక్కా, ఇంక భయం లేదు" అని బస్సెక్కాను.

కొన్నాళ్లకు, ఆ టీకా ఆపాల్సిన పందుల జ్వరమే వచ్చింది. తల్లులు తట్టుకున్నాయి. పిల్లలు వరసగా పోయాయి.

నేను వెళ్లేసరికి ఓబులమ్మ దొడ్డి ముందు కూర్చుని ఉంది. కోప్పడలేదు.

"సూది ఏసినావు గదప్పా. పెద్దవి బతికినాయి. పిల్లలు యాల సచ్చిపాయ?"

"ముర్రుపాలు సరిగ్గా తాగించినావా అక్కా?" అన్నాను.

ఆమె ఏ పిల్ల ఎప్పుడు తాగిందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అన్నీ తాగినాయనే అనుకుంటి. యాడో ఏమారినట్టుండానప్పా."

అప్పుడైనా చెప్పొచ్చుగా? ఆ పిల్లలు పాలు బాగా తాగినందుకే నా టీకా పనిచేయలేదని, ఆమె శ్రద్ధనే ఆమె తప్పుగా తిప్పి చెప్పానని, అక్కడే, ఆమె ముఖం చూస్తూ అనొచ్చుగా? ఉద్యోగం పోతుందనా? నన్ను అడిగేవాళ్లే లేరు. ఆమె ముందు చిన్నబోవడం ఇష్టం లేదు, అంతే. తలచుకుంటే సిగ్గుగా ఉంది.

ఈమధ్య అహోబిలం పోతూ ఆళ్లగడ్డలో దిగాను. ఓబులమ్మ ఈనిన పంది పక్కన కూర్చుని, ఒక్కో పిల్లనూ ఒళ్లోకి తీసుకుని చన్నుకు పెడుతోంది. కోడలికి నన్ను చూపించి, ఈ అప్ప చెప్పబట్టే ముర్రుపాల విలువ తనకు తెలిసిందని, అప్పట్లో తన ఏమరుపాటు వల్లే పిల్లలన్నీ పోయాయని చెప్పింది. నాకు టీ పెట్టించింది. తాగాను. మళ్లీ బస్సెక్కాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఒక్క మాట మాత్రం ఇక్కడ రాసుకోనివ్వండి. ఆమె తాగించింది. ఆ పిల్లలన్నీ కడుపునిండా తాగాయి.