వేళ తప్పని జ్వరం

వేళ తప్పకుండా వచ్చేదల్లా ఎవరో పంపితేనే వస్తుందని మీరూ నమ్ముతారా? నమ్మితే, చలిజ్వరాన్ని ఎవరు పంపుతున్నారో చెప్పండి.

రెండువేల తర్వాతి సంవత్సరాల్లో నేను పర్ణశాల దారిలో ఒక అడవిపల్లె బడిలో పంతులుగా పనిచేశాను. ఒక వానాకాలం మా హెడ్మాస్టరుగారి వియ్యంకుడు, రిటైరైన లెక్చరర్, గుడి చూడటానికి వచ్చి మా పిల్లలకు ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"ఇప్పచెట్టు ఏటా అదే కాలానికి పూస్తుంది. దానికి క్యాలెండర్ ఎవరిచ్చారు? ఇంత క్రమం ఉందంటే నడిపేవాడు ఉన్నట్టే కదా!"

వరండాలో గరిటె పట్టుకొని వింటున్న మా బడి వంటామె ఉండబట్టలేక అడిగింది. "మా పిల్ల జరం సుత గట్లనే సారూ. ఒకరోజు ఇడిసి ఒకరోజు, అన్నం గంట యాళకే వస్తది. ఇయ్యాల గూడ వచ్చింది. అది గూడ దేవుడే పంపుతుండా?"

"అవునమ్మా, అంతా ఆయన ఏర్పాటే" అన్నాడాయన, చల్లగా నవ్వుతూ.

ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కూతురికి రక్తపరీక్ష చేయించడానికి మర్నాడు దవాఖానాకు పోతానన్న తల్లి ప్రయాణం మానుకుంది. అంత చదివినాయనే దేవుడు పంపాడన్నాక ఇక సూది ఎందుకు? వేల్పుకు కోడిని మొక్కుకుంది. మర్నాడు జ్వరం రాలేదు. రాదు, అది జ్వరం విడిచే రోజు.

వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల వాకిట్లో ఆడుకుంటోంది.

"సూసినవా సారూ, మొక్కంగనె ఇడిసింది!"

"రేపు అన్నం గంట కొట్టేసరికి మళ్ళీ వణుకుతుందమ్మా. ఇప్పుడే తీసుకెళ్ళు."

"థూ! గదేం నోరు సారూ నీది? జర మంచిమాట రాదా?"

మరునాడు గంట మోగింది. ఇంట్లో ఉన్న బట్టలన్నీ కప్పినా పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. పిల్లను చూడటానికి వంట మధ్యలో ఇంటికి పోయిన తల్లి పరుగున బడికొచ్చి నా ముందు చేతులు జోడించింది. "నీకెట్ల ఎరుకైంది సారూ? నీ మీదికి గిట్ల వేల్పొస్తదా?"

"వేల్పు కాదు, దోమ. అది కుట్టి వదిలిన పురుగు రక్తంలో పెరిగి, ఒకరోజు విడిచి ఒకరోజు బయటపడుతుంది. అప్పుడు చలి. లెక్క తెలిస్తే నువ్వూ చెప్పొచ్చు."

"మరి ఆ పెద్దసారు గట్లన్నడు?"

"ఆ పెద్దసారు మనవరాలికి ఈ జ్వరమొస్తే కోడిని మొక్కుతాడా, కారు కిరాయికి మాట్లాడుకొని ఖమ్మం పోతాడా?"

"ఖమ్మమే పోతడు" అని, ఇంటికి పోయి పిల్లను భుజాన వేసుకుంది.

రక్తంలో మలేరియా బయటపడింది. మాత్రలతో పిల్ల తేరుకుంది. ఈ సంగతి తెలిసి లెక్చరర్‌గారు ఏమన్నాడో తెలుసా? "మందు కనిపెట్టే బుద్ధినిచ్చిందీ ఆయనే." వస్తే ఏర్పాటు, తగ్గితే దయ! ఎన్నడూ ఓడిపోని ఈ వాదం ఏం వాదం? క్రమం కనబడ్డచోట కారణం వెతకాలి. దోమకు అంత సన్నని సూదిని, పురుగుకు అంత కచ్చితమైన వేళను అమర్చినవాడే ఉంటే, ముందు ఆ తల్లికి సంజాయిషీ చెప్పుకోవాలి. మొక్కు కాదు, సంజాయిషీ.

మీ ఊళ్ళోనూ ఎవరో ఒకరు మైకు పట్టుకొని ఈ మాటే చెబుతారు. చప్పట్లు కొట్టి ఇంటికి పోకండి. ఆ మాట విని దవాఖానా మానుకున్న తల్లి ఎవరో వెతకండి. ఆ రోజే ఆమె పిల్లకు రక్తపరీక్ష చేయించండి.