పసుపు దారం కొలత

చెట్లు కోసే మిషన్ కొనడానికి కొత్తగూడెం వెళ్ళిన రోజు నా చేతిసంచిలో ఒక దారం ఉండ ఉంది. దాని సంగతి మా ఆయనకు సగమే తెలుసు. మిగతా సగం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మాది టేకులపల్లి వైపు పల్లె. ఆయన బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. షిఫ్టు నుంచి వచ్చి తినడం, పడుకోవడం తప్ప ఇంటి పని ఆయనకు పట్టదు. మామగారి నాటి మూడెకరాల చేను నా నెత్తిన పడింది. చేను అవతలి గట్టు దాటితే అడవే. పొయ్యిలోకి కట్టెలు కొయ్యడం, ఏటా చేలోకి దూసుకొచ్చే సర్కారు తుమ్మను నరకడం అన్నీ నేనే. పాత మిషన్ ఒకటి ఉండేది. ఒక్క రోజు సాయం చేస్తానని వచ్చి, పెట్రోల్లో ఆయిల్ కలపకుండా పోసి, మా ఆయన దాని ప్రాణం తీశాడు. "కలిపిందే అనుకున్ననే" అన్నాడు. ఇల్లంత పెద్ద బండి నడిపే మనిషి అనే మాటేనా అది!

ఆ ఏడే చేనులో ఆయిల్‌పామ్ పెడదామనుకున్నాం. తాడు పట్టి వరసలు గీసి చూస్తే చేను నడిమధ్యలో ఇప్పచెట్టు అడ్డం వచ్చింది. దాని నీడ నాలుగు వైపులా పరుచుకుంటుంది. పట్టా భూమి మాది. కోసుకోవడానికి కాగితం కూడా తెచ్చుకున్నాం. కాగితంలో చెట్టు పేరుంది, మా పేరుంది. ఆ చెట్టు పువ్వు ఏరుకునే పెద్దమ్మ ఊసు మాత్రం లేదు.

మా దగ్గర ఇప్పచెట్టు లెక్కే వేరు. నేల ఎవరిదైనా, ఏ ఇంటివాళ్ళు పెద్దల నాటి నుంచి పువ్వు ఏరుకుంటున్నారో చెట్టు వాళ్ళది. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ కాదనరు. మా చేనులో చెట్టు గట్టు అవతల అడవి అంచున ఉన్న కోయగూడెం పెద్దమ్మది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక తెల్లవారుజామున ఆమె చెట్టు కింద ఊడ్చుకుంటుంటే చూసి, "ఎవరే అది నా చేన్ల?" అని ఊరంతా వినేట్టు కేకలేశాను. మా అత్త పరుగున వచ్చి నన్నే కసిరింది. "ఆమె చెట్టుకాడికి ఆమె వచ్చింది. నడుమ నువ్వెవరు?" పెద్దమ్మ మాత్రం పడీపడీ నవ్వింది. "నోరు మంచిగున్నది పిల్లకు. పిట్టలను కొట్టేతందుకు పనికొస్తది" అంది. అప్పటి నుంచి ఏటా మొదటి రోజు పువ్వులో గుప్పెడు వేయించి, నువ్వులు కలిపి దంచి నాకే తెచ్చేది. మా అత్త చనిపోయిన ఏడాది, మూడు పూటలా నా పక్కన కూర్చుని తినిపించింది ఆమే.

ఆమెకు పొలం లేదు. ఎండబెట్టిన పువ్వు, ఆ తర్వాత గింజలు, వాటితోనే వానాకాలం గడిచేది. ఇది నాకు తెలుసు. తెలియదని ఎవరి ముందైనా అనగలను గానీ నా ముందు నేను అనలేను.

షాపుకు ఫోన్ చేస్తే, "కోసేదాంట్ల అన్నిటికన్న లావు చెట్టు చుట్టుకొలత తీస్కొని రండి" అన్నారు. బట్టలు కుట్టే టేపు పట్టుకొని వెళ్ళాను. మొదలు చుట్టూ తిప్పితే చాలలేదు. ఇంటికొచ్చి తెల్ల దారం తెచ్చుకున్నాను. ఒక్కదాన్నే దారం పట్టుకొని మొదలు చుట్టూ తిరుగుతుంటే అవతలి కొస జారిపోతోంది. అప్పుడే గట్టు దిగి వచ్చింది పెద్దమ్మ.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. పువ్వు రాలే కాలం ఇంకా ముందుందనగా చెట్టుకు పసుపు దారం కట్టి మొక్కుకుంటారు. ఆ తర్వాతే కింద ఊడ్చి పువ్వు ఏరుతారు. ఆ రోజు ఆమె వచ్చింది అందుకే. కొంగు ముడిలో పసుపు, ఒక చేతిలో నీళ్ళ చెంబు, ఇంకో చేతిలో దారం. నా చేతిలో దారం చూసి నిలబడిపోయింది.

"నువ్వు కడుతున్నవా బిడ్డా?" అంది.

కాదు పెద్దమ్మా, కొలుస్తున్నా అనాలి. మూడు ముక్కల మాట. నోటి దాకా వచ్చింది, మింగేశాను.

ఆమె ముఖం విప్పారింది. "ఇన్నేండ్ల సంది నేనొక్కదాన్నే కడుతున్న. చేనోళ్ళు కడితే చెట్టుకు ఇంక మంచిది. నా దారమెందుకింక, నీదే కడదాం" అంటూ తన దారం కొంగున దోపుకుంది. నా దారం కొస అందుకుని మొదలుకు అదిమి పట్టుకుంది. నేను చుట్టి తెచ్చాను. కొసలు రెండూ కలిసిన చోట ఆమే ముడి వేసింది. పసుపులో నీళ్ళు కలిపి దారం పొడుగునా రాసింది. చెట్టుకు నుదురు ఆనించి కోయ భాషలో ఏదో చెప్పుకుంది. అందులో నా ప్రస్తావన ఉందని ఆమె నా వైపు చూసిన చూపుతో తెలిసింది.

"దుమ్ముగూడెం పోతున్న, నా బిడ్డ కాడికి. మిరపకాయలు ఏరే పనున్నది" అంది వెళ్తూ. "పువ్వు రాలే యాల్లకు వస్త. అప్పటిదాంక చెట్టును జర చూసుకో."

"అట్లనే పెద్దమ్మా" అన్నాను.

ఆమె గట్టు దాటగానే ముడి దగ్గర దారం తెంపి ఉండ చుట్టుకున్నాను. ఇంటికి పోయి ఇంకో దారం తేవచ్చు. బద్ధకమో, తొందరో, ఈ రోజుకీ తెలియదు.

షాపులో కుర్రాడేమో మిషన్లన్నీ మా ఆయన చేతికే ఇస్తున్నాడు. "పట్టుకొని చూడండి సార్, బరువు తెల్వదు." నాకు ఒళ్ళు మండింది. "నడిపేది నేను. సార్ గారు ఉన్నది చంపి వచ్చిండు" అన్నాను. మా ఆయన సీలింగు ఫ్యాను చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు ఆ కుర్రాడు నా వైపు తిరిగి శ్రద్ధగానే చెప్పాడు. బ్యాటరీది తేలిక, కానీ పచ్చి కట్టెకు ఆగదు. పదహారు అంగుళాల బ్లేడుది ఆడవాళ్ళ చేతికి ఒదుగుతుంది, చైన్ తొందరగా అరగదు. ఇరవై రెండు అంగుళాలది బరువు, పెట్రోలు తాగుతుంది, చెయ్యి అదురుతుంది.

"మీకు పొయ్యి కట్టెలు, తుమ్మకంప అంటున్నరు గదా. చిన్నది సాలు మేడం" అన్నాడు. "లావు చెట్టేమన్న ఉన్నదా?"

చిన్నది చేతిలో పట్టుకున్నాను. ఎంత హాయిగా ఒదిగిందో! లేదు అంటే సరిపోయేది. దారం తీసి కౌంటర్ మీద పెట్టాను.

అతను దాన్ని సాగదీసి స్కేలు పక్కన పరిచాడు. ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. మూడుతో భాగించి, "గిట్లయితే పెద్దదే కావాలె" అన్నాడు. అని తన వేళ్ళు చూసుకున్నాడు. "ఈ పసుపేంది మేడం?"

"ఇంట్ల దారం. వంటింట్ల పడ్డది" అన్నాను.

మా ఆయన నా మొహం చూశాడు. పెద్ద మిషన్ డబ్బాలో పెట్టిచ్చారు. దారాన్ని కూడా ఆ కుర్రాడే మడిచి, డబ్బాలోనే వేశాడు.

వారం తిరక్కుండా కోసేశాం. పెద్దమ్మ ఊళ్ళో లేని రోజులు చూసి కోశామని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కానీ అంతే జరిగింది. తాడు లాగి మిషన్ స్టార్ట్ చేసింది నేనే. గొడ్డలైతే రోజంతా పట్టేది, మధ్యలో మనసు మారడానికి తీరిక ఉండేది. మిషన్‌కు ఆ తీరిక లేదు. చెట్టు ఒరిగాక కొమ్మల చివర్లు చూశాను. పువ్వు గుత్తులు అప్పుడే మొగ్గ తొడుగుతున్నాయి.

నెలన్నరకు, పొద్దు పొడుస్తుండగా, పెద్దమ్మ మా వాకిట్లోకి వచ్చింది. చంకలో గంప, చేతిలో చీపురు. చేను మీదుగానే వచ్చింది కాబట్టి చూసే వచ్చింది. నేను చైన్‌కు ఆకురాయి పెడుతున్నాను. వెనకాల గోడ పొడుగునా ఇప్పకట్టెలు పేర్చి ఉన్నాయి. ఆమె కళ్ళు వాటి మీద నిలవలేదు. నా పక్కన గొంతుక్కూర్చుని, మెల్లగా అడిగింది.

"ఎవలు కోసిండ్రు బిడ్డా? నువ్వు ఊర్లె లేవా అప్పుడు?"

నాకు అర్థం కాలేదు. మిషన్ నా ఒళ్ళో ఉంది!

"దారం కట్టినదానివి, నువ్వెట్ల కోస్తవ్" అంది ఆమే మళ్ళీ. "నువ్వు లేనప్పుడు చూసి కోసినట్టున్నరు. నిన్నెంత బాధ పెట్టిండ్రో."

తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి ఉండేదాన్ని. నా నోరు అందరికీ తెలిసిందే. ఆమె నన్ను ఓదారుస్తోంది. అబద్ధం ఆమే వండి నా చేతిలో పెట్టింది, తినడమే తరువాయి. లేచి లోపలికి పోయి డబ్బా తెచ్చాను. అడుగున దారం ఉంది, ఆయిల్ పీల్చి నల్లబడింది. ముడి దగ్గర మాత్రం పసుపు కనిపిస్తోంది.

"నేనే కోసిన పెద్దమ్మా. ఈ దారం మొక్కుకు కాదు. మిషన్ కొననీకి కొలిచిన."

ఆమె దారాన్నే చూస్తోంది. తిడుతుందని ఎదురు చూశాను. తిట్టాలని కోరుకున్నాను. "కట్టెలన్న తీస్కపో" అన్నాను. నా మొహం మండ, ఆ మాట ఎట్లా అన్నానో!

ఆమె అది వినలేదు. తన కుడి చెయ్యి తిప్పి అరచేయి చూసుకుంది.

"అయితే కొలత పట్టింది నేనేనా" అంది.

అరచేతిని కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది. గంప, చీపురు తీసుకుని గట్టు వైపు వెళ్ళిపోయింది. చీపురు కొత్తది, ఆ ఏటి కోసమే కట్టుకున్నట్టుంది.