ఒక్కనాటి నొప్పి లెక్కలోకి రాదన్న మా సామ్యేలు

గుండెలో నొప్పి మొదలైతే దవాఖానకు పోవడానికి నువ్వు ఎన్ని రోజులు ఆగుతావు?

నిజం చెప్పు.

మా సామ్యేలు ఆగాడు.

నిన్న పొద్దున్నే అతని భార్య రూతమ్మ ఫోన్ చేసింది. "అన్నా, ఆయన లేస్తలేడు" అన్నది. అంతే. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బండి తీశాను. నేను వెళ్లేసరికి ఒళ్లు చల్లబడింది.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

సామ్యేలు నల్లగొండ రూట్లలో బస్ కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. వచ్చిన డబ్బును మొదట షేర్లలో పెట్టాడు. పడ్డప్పుడల్లా భయపడి అమ్మాడు. పెరిగినప్పుడల్లా ఆశపడి కొన్నాడు. బాగా దెబ్బ తిన్నాడు.

ఆ తర్వాత దొరికింది ఈ క్వాంట్ ఫండ్. ఏ షేర్ కొనాలో, ఏది అమ్మాలో మనిషి బుద్ధికి వదలకుండా, ముందే రాసిపెట్టిన రూల్స్ ప్రకారం కంప్యూటర్ తేల్చే మ్యూచువల్ ఫండ్. ఒక్క రోజు ధర పడితే అది లెక్కలోకి తీసుకోదు, నెలల తరబడి ఎటు పోతుందో ఆ ట్రెండే చూస్తుంది.

పానగల్ పోయే దారిలో టీ కొట్టు దగ్గర కూర్చుని దాని గురించి నాకు చెప్పాడు. ఆ రోజు అతని ముఖంలో ఉన్న వెలుగు, బాప్తిస్మం తీసుకున్న రోజు కూడా నేను చూడలేదు.

"దానికి భయం లేదన్నా. ఆశ లేదు. మనకే గీ గుండె దడ."

భయం లేనిదానికి జ్ఞానం ఎక్కడిది అన్నాను. దైవభయమే జ్ఞానానికి మొదలని సంచిలోంచి బైబిల్ తీసి వాక్యం చూపించాను.

"నువ్వు ప్రతి ఆదివారం ప్రసంగంల ప్రళయం వస్తదంటవు. నేను ఇంతవరకు గొడుగు గూడ కొనలే" అన్నాడు.

టీ పోసేవాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ ఫండ్ మోసం చేసిందని నేను అనడం లేదు. అబద్ధసాక్ష్యం పలకను. పడిన నెలలున్నాయి, లేచిన నెలలున్నాయి. సామ్యేలు కదల్లేదు. యాప్ తెరవడమే మానేశాడు. ఒక్క రోజు పడిందని ఉరికేవాడు ఆగమైపోతాడని యూత్ మీటింగ్‌లో పిల్లలకు కూడా చెప్పేవాడు.

డబ్బు విషయంలో అది మంచి మాటే.

కానీ ఆ రూల్ మెల్లగా ఫండ్‌లోంచి బయటికొచ్చింది. ఇంట్లోకి వచ్చింది. మోకాలు నొప్పికి అదే మాట. రూతమ్మకు జ్వరమొస్తే అదే మాట.

చివరికి అతని ఛాతీ మీద కూర్చుంది.

పోయిన వారం వాళ్లింట్లో ప్రార్థన. పాట మధ్యలో ఆగి ఛాతీ రుద్దుకున్నాడు. పైన ఫ్యాన్ తిరుగుతున్నది, నుదుటి మీద చెమట కారుతున్నది. రూతమ్మ నా వైపు చూసింది.

గట్టిగానే చెప్పాను. బుద్ధిమంతుడు ఆపదను చూసి తప్పుకుంటాడు, బుద్ధిలేనివాడు ఎదురుపోయి దెబ్బ తింటాడు, ఇది నా మాట కాదు, సొలొమోను మాట అన్నాను.

"ఒక్క పూట కిందికి వోయిందని అమ్ముకుంటమా అన్నా? జర నెల రోజులు చూద్దాం. ట్రెండ్ గట్లనే ఉంటే నేనే వస్త."

అప్పుడు రూతమ్మ ఒక్క మాట అడిగింది.

"గది పైసలకు రాసిన లెక్క. నీ పానానికి ఎవరు రాసిండ్రు?"

అతను పాట మళ్లీ అందుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం శవపెట్టె వాకిట్లో ఉండగానే అతని ఫోన్ మోగింది. ఈ నెల వాయిదా ఫండ్‌కు పోయిందని మెసేజ్. రూతమ్మ ఆ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి?

నన్ను వణికించింది మాత్రం ఆ తర్వాత జరిగింది.

సమాధిలో మట్టి వేస్తుంటే సామ్యేలు తమ్ముడు ఇమ్మానుయేలు పార కింద పెట్టి ఎడమ భుజం పట్టుకున్నాడు. అచ్చంపేట దగ్గర మేకలు మేపుకునే గట్టి మనిషి. అన్న మాట మీద అదే ఫండ్‌లో చేరినవాడు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. దగ్గరికి పోయి అడిగాను. నొప్పి కొన్ని రోజుల నుంచి ఉందట.

"అన్న మూడోదినం ప్రార్థన కూడిక కానియ్యన్నా. ఒక్కనాటిది చూసి ఫికర్ చేస్తే ఎట్ల?"

గోతిలో ఉన్నవాడి మాట, ఒడ్డు మీద నిలబడ్డవాడి నోట్లోంచి వచ్చింది.

ఎంత బతిమాలినా వినలేదు. మేకల దగ్గర ఎవరూ లేరని బస్సెక్కి వెళ్లిపోయాడు.

బైబిల్‌లో, దేవుని మాట వినని ఐగుప్తు రాజు ఇంటినిండా కప్పలు. మంచం మీద కప్పలు, పిండి పిసికే తొట్టిలో కప్పలు. ఎప్పుడు పోగొట్టమంటావు అని దేవుని సేవకుడు అడిగితే రాజు ఏమన్నాడు?

రేపు అన్నాడు.

ఇంకో రాత్రి కప్పల మధ్యనే పడుకుంటానన్నాడు. దేవుడు పిలిచినప్పుడు 'నేడు' అని పిలుస్తాడు. 'రేపు' ఎవరి మాటో మీరే ఆలోచించుకోండి.

సామ్యేలూ, పోయి రా తమ్ముడా. ఏ నొప్పీ లేని చోట ప్రభువు నీకు నెమ్మది ఇచ్చుగాక.

ఇమ్మానుయేలూ, పొద్దటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు నువ్వు. ఈ పోస్టన్నా చూడు. నీ అన్న కూడిక నేను జరిపిస్తాను, దానికోసం ఆగకు.

అచ్చంపేటలో మనవాళ్లు ఎవరున్నా సరే, వాడి ఇంటికి పోండి. తిట్టినా వినకండి. బండెక్కించి దవాఖానకు తీసుకుపోండి.

కూడిక అయ్యాక కాదు. మేకలు ఇంటికొచ్చాక కాదు.

ఇవాళ. ఇప్పుడే లేవండి.